అనంతపురం ఎండల్లో జీబ్రా చేపలు: మూడేళ్లు పెంచాక చెబుతున్నా

రెండడుగుల తొట్టి, యాభై లీటర్ల పైచిలుకు నీళ్లు, ఒక స్పాంజ్ ఫిల్టర్, పద్నాలుగు జీబ్రా డానియోలు. అనంతపురంలో మా హాల్లో ఇప్పుడున్నది ఇది. జీబ్రాలను పెంచడం మొదలుపెట్టి మూడేళ్లు. గుంపుగా తిరిగే చిన్న చేపలు పెంచాలనుకునే మన సీమ వాళ్లు నియాన్ టెట్రాల జోలికి పోకుండా వీటితోనే మొదలుపెట్టాలి.

నేను మొదలుపెట్టింది నియాన్లతో. ఆ నీలి గీత, వెనక ఎరుపు చూశాక మనసు ఆగలేదు. "నీళ్లు పోసి ఈరోజే వదిలేయప్పా, ఏం కాదు" అన్నాడు అమ్మినాయన. వారం తిరక్కుండా పదింటిలో నాలుగు పోయాయి. చేపలు వదిలే విషపు అమ్మోనియాను హాని తక్కువ పదార్థంగా మార్చే బ్యాక్టీరియా కొత్త ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుందని అప్పటికి నాకు తెలియదు. మిగిలినవి ఏప్రిల్ దాకా లాక్కొచ్చాయి. అవి అమెజాన్ ఎగువ వాగుల చేపలు. లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్లు, 22 నుంచి 26 డిగ్రీల చల్లదనం కావాలి. మా బోరు నీళ్లేమో అద్దం మీద తెల్లటి ఉప్పు గీత కట్టే రకం. మేలో తొట్టి థర్మామీటర్ 33 చూపించింది. ఆఖరున మిగిలిన రెండూ గుంపు లేక మొక్క వెనకే నక్కి ఉండేవి, మేత వేసినా బయటికి రాలేదు. వాటిని తలచుకుంటే ఇప్పటికీ బాధే.

జీబ్రాలు మన ఉపఖండపు వాగుల్లో, వరి మళ్లలో తిరిగే చేపలు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ప్రయోగాలకు వీటిని కూడా పెంచుతారు. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు వీటికి లెక్కలేదు. మొదట మూడే తెచ్చాను, అది తప్పు. ఒకటి మిగతా రెండింటినీ రోజంతా తరిమేది. ఎనిమిది చేశాక ఆ తరుముడు ఒక్కదాని మీదే పడకుండా పోయింది. ఆరుకు తగ్గకూడదు.

అయినా ఎండాకాలం జాగ్రత్త తప్పదు. మూత తీసి వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడతాను. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటూ పోతుంది, అందుకే ఆర్వో నీళ్లు కలుపుతాను. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా కరెంటు పోతే ఒకటే టెన్షన్. బ్యాటరీ ఎయిర్ పంప్ కొన్నాకే ఆ దిగులు తీరింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇవి ఎగిరి దూకుతాయి. వల లేని రోజు ఒకటి నేల మీద ఎండిపోయి దొరికింది. పొడవు రెక్కల చేపలతో కలపొద్దు, కొరుకుతాయి. రాత్రి కొద్దిపాటి వెలుతురులోనూ మెరుస్తూ కనపడాలనుకునే వాళ్లకు నియాన్ల మెరుపు వీటిలో దొరకదు.

గుడ్లు పెట్టి తామే తినేస్తాయి. అయినా పోయిన శ్రావణంలో ఒక ఉదయం అద్దానికి ఏదో దారప్పోగు అంటుకున్నట్టు కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే దానికి రెండు నల్లటి కళ్లు. గులకరాళ్ల సందుల్లో మిగిలిన గుడ్ల పిల్లలు, మొత్తం నాలుగు. అమ్మ కూడా వంటిల్లు వదిలి వచ్చి చాలాసేపు అక్కడే కూర్చుంది. ఇప్పుడవి గుంపులో కలిసిపోయాయి, ఏవి పిల్లలో గుర్తుపట్టలేను.