కినబతాంగన్ నది: లాడ్జి మంచిదా, ఊళ్లో హోమ్‌స్టే మంచిదా?

బోర్నియో అడవులు చూడాలనుకునేవాళ్లు చాలామంది మలేసియాలోని సండకాన్ పట్నంలో దిగి, దగ్గర్లోని సెపిలోక్ చూసుకుని కినబతాంగన్ నదికి వెళ్తారు. మేమూ అలాగే వెళ్లాం. సెపిలోక్‌లో 1964 నుంచి ఒరాంగుటాన్ల పునరావాస కేంద్రం నడుస్తోంది. పళ్లు పెట్టే వేళకి బాగా రద్దీగా ఉంటుంది, అయినా చూడాల్సిన చోటు. నాకైతే పక్కనే ఉన్న సన్ బేర్ ఎలుగుబంట్ల కేంద్రం ఇంకా నచ్చింది. అక్కడ నింపాదిగా చూడనిస్తారు.

అక్కణ్ణుంచి నదికి వెళ్లే దారంతా పామాయిల్ తోటలే. ఒడ్డున మిగిలిన అడవి తక్కువ. 2005లో అభయారణ్యంగా ప్రకటించిన భూమి కూడా ఒకే చోట లేదు, పది ముక్కలుగా ఉంది. ఇక్కడ జంతువులు తేలిగ్గా కనబడతాయని టూర్లవాళ్లు గొప్పగా చెబుతారు. వాటికి పోవడానికి వేరే చోటు లేకపోవడం కూడా అందుకు ఒక కారణమని తెలిశాక బాధేసింది. మనం కట్టే డబ్బు ఎవరికి చేరుతుందో అడగాల్సింది అందుకే.

నది ఒడ్డునున్న సుకావు ఊళ్లో లాడ్జీలు సౌకర్యంగా ఉంటాయి. గది, భోజనం దేనికీ పేరు పెట్టక్కర్లేదు. సాయంత్రం బోటు మాత్రం మానకండి. పొడుగు ముక్కు ప్రొబోసిస్ కోతులు నిద్రకి నది ఒడ్డు చెట్లమీదికే వస్తాయి. మాకు నచ్చనిది ఒక్కటే. ఒడ్డున ఏనుగులు కనబడగానే బోట్లన్నీ ఒకేచోట మూగాయి. ఒక బోటతను ఇంజన్ పెంచి మరీ ముందుకు దూసుకెళ్లాడు, తల్లి ఏనుగు పిల్లని వెనక్కి నెట్టుకుంటూ పొదల్లోకి వెళ్లిపోయింది. చప్పుడు తక్కువుండే ఎలక్ట్రిక్ మోటార్లు వాడే లాడ్జి కూడా సుకావులో ఉంది. బుక్ చేసేముందు ఆ సంగతి కనుక్కోండి.

అదే నది ఒడ్డున ఇంకో ఊరు బటు పుతె. అక్కడ కోపెల్ అనే సహకార సంఘం నడిపే హోమ్‌స్టేలు ఉన్నాయి. గదులు మామూలువే. గైడ్లు మాత్రం ఆ ఊరివాళ్లే. ఒకచోట మా గైడ్ ఇంజన్ ఆపేసి నీళ్లకేసి చూశాడు. పండు తొక్కలు ఒక్కొక్కటే టప్‌టప్‌మని పడుతున్నాయి. తలెత్తి చూస్తే మర్రి జాతి చెట్టు కొమ్మల్లో ఒరాంగుటాన్, దాని పొట్టని కరుచుకుని పిల్ల! రాత్రి బోటులోనూ అంతే, నిద్రపోతున్న పిట్ట కళ్లలో టార్చి నిలిపి ఉంచలేదు.

తుంగోగ్ సరస్సుని కమ్మేసిన సాల్వీనియా కలుపుని తీసింది కూడా ఈ సంఘమే. అడవి పెంచే పనిలో అతిథులకీ చోటు ఉంటుంది. మేము ఒక పూట మొక్కలు నాటాం. నాటడం ఎంతసేపు, చుట్టూ పెరిగే గడ్డినీ తీగల్నీ ఏళ్ల తరబడి కొడుతూ ఉండాలి, లేకపోతే మొక్క బతకదని గైడ్ చెప్పాడు. ఆ కూలీకి మన డబ్బు వెళ్తుందంటే నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. జలగలు మాత్రం ఉంటాయి, మోకాళ్ల దాకా వచ్చే సాక్సులు తప్పనిసరి.

పెద్దవాళ్లని తీసుకెళ్తే సుకావు లాడ్జీయే నయం. నడవగలిగితే మాత్రం నా ఓటు బటు పుతెకే. ఒక్క రాత్రి ప్యాకేజీ తీసుకోవద్దు, కనీసం రెండు రాత్రులు ఉండండి. డిసెంబరు, జనవరుల్లో వానలకి నది పొంగుతుంది, ఆ నెలలు వదిలేయండి. బుకింగ్ ఏజెంటు ద్వారా కాకుండా నేరుగా సంఘంతోనే మాట్లాడి చేసుకోండి.