1806 ద్వంద్వయుద్ధం: పాత పత్రికలా, కౌంటీ రికార్డులా?

1806 మే 30న అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లోగన్ కౌంటీ (మన జిల్లా లాంటిది)లో జరిగిన ద్వంద్వయుద్ధంలో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ తుపాకీ గుండుకు చార్లెస్ డికిన్సన్ బలయ్యాడు. ఆ కుటుంబాల వంశవృక్షం వెతికేవాళ్లకు దారులు రెండు.

టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరపు నాటి పత్రికల్లో గొడవంతా కళ్లకు కడుతుంది: గుర్రప్పందెం పేచీ, జాక్సన్‌ను పిరికిపంద అంటూ డికిన్సన్ అచ్చువేయించిన ప్రకటన. చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాదు. కానీ రాసినవాళ్లు ఎవరో ఒకరి పక్షం. భార్యాబిడ్డల ఊసు తక్కువ.

కౌంటీ రికార్డులు, అంటే వీలునామాలు, భూమి దస్తావేజులు, ఆస్తి జాబితాలు చప్పగా ఉంటాయి. అయినా నా ఓటు వాటికే. వారసులెవరో, సాక్షి సంతకాలు ఎవరివో అక్కడే తేలుతుంది. ఆస్తి కింద లెక్కగట్టిన బానిసల పేర్లూ వాటిలో ఉంటాయి. ఎన్నో నల్లజాతి కుటుంబాలకు పూర్వీకుల జాడ దొరికేది ఆ వరుసల్లోనే. పోరు కెంటకీలో జరిగినా డికిన్సన్ కాపురం టెనెస్సీలో, కాబట్టి ముందు నాష్‌విల్ ఉన్న డేవిడ్‌సన్ కౌంటీ రికార్డులు తిరగేయాలి.