సినిమా దుస్తుల స్కెచ్‌లు: రంగుల బొమ్మా, దర్జీ కాగితమా, ఏది మేలు?

పాత సినిమాల దుస్తుల స్కెచ్ కొందామని బయల్దేరినవాళ్ల ముందుకు నాలుగు రకాల కాగితాలు వస్తాయి. దర్శకుణ్నీ నిర్మాతనూ ఒప్పించడానికి గీసిన రంగుల బొమ్మ ఒకటి. బొమ్మ ఖాయమయ్యాక దుస్తులు తయారు చేయించే కాస్ట్యూమర్ చేతికి, అక్కణ్నుంచి దర్జీ బల్ల మీదికి వెళ్లిన పని కాగితం రెండోది. సినిమా వచ్చిన ఎన్నో ఏళ్లకు అదే కళాకారుడు అభిమానుల కోసం మళ్లీ గీసి సంతకం పెట్టింది మూడోది. నాలుగోది అచ్చు. అమ్మేవాళ్లు నాలుగింటినీ ‘ఒరిజినల్’ అనే అంటారు. మూడోదాన్ని అలా అనడం పూర్తిగా అబద్ధమూ కాదు, చేత్తో గీసిందే మరి. సినిమా పని కోసం గీసింది కాదు, అంతే.

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ఉండి, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో సేకరణ మొదలుపెట్టేవాళ్లకు మా ఓటు రెండోదానికే. ముడతలు పడి, నూనె మరకలతో, కొలతలు గీకి ఉన్న దర్జీ కాగితానికే. గోడకు అందం తేదు. కానీ అది అబద్ధం చెప్పడం కష్టం.

ముందు రంగుల బొమ్మ సంగతి. పౌరాణికాలు, జానపదాల రోజుల్లో దుస్తుల రూపం తరచూ కళాదర్శకుడి కుంచె నుంచే వచ్చేది. సెట్టు గీసిన చెయ్యే కిరీటం, భుజకీర్తులు, నడికట్టూ గీసేది. ‘పాతాళభైరవి’కి, ‘మాయాబజార్’కు కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఆ కాలపు కాగితం మీద మరెవరో ‘కాస్ట్యూమ్ డిజైనర్’ హోదాతో సంతకం చేసి ఉంటే సంతోషించకండి, ఎవరా మనిషి అని అడగండి.

రంగుల బొమ్మకున్న గొప్ప సుగుణం వేషమంతా ఒక్క చూపులో కనబడటం. కంటికి ఇంపుగా ఉంటుంది కాబట్టే నకిలీలు కూడా దానికే ఎక్కువ. పైన పటారం, లోన లొటారం. పట్టుకోవడానికి మూడు చోట్ల చూడాలి. మొదటిది భంగిమ. అసలు స్కెచ్ షూటింగుకు ముందు గీసింది. బొమ్మలోని నిలబడే తీరు, చేతి మలుపు సినిమా స్టిల్‌తో అచ్చు గుద్దినట్టు కలిస్తే, స్టిల్ చూసి గీశారన్నమాట. రెండోది నగలు. ట్రయల్లో బరువైందనో, కెమెరాకు మెరుస్తోందనో ఏదో ఒకటి మారుతుంది కాబట్టి అసలు బొమ్మకూ తెరమీది వేషానికీ ఎక్కడో తేడా ఉండాలి. పూసతో సహా కలిసిందంటే అది మెచ్చుకోవాల్సిన విషయం కాదు.

మూడోది రంగు. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపులో వచ్చింది, రంగులద్దిన ప్రతి 2010లో విడుదలైంది. నలుపు తెలుపు సినిమాకు బట్ట రంగు ఎంచేది తెరమీద ఏ బూడిద ఛాయ పడుతుందో లెక్కేసుకుని. ‘1957 నాటి స్కెచ్’ అని చూపించినదాంట్లో పట్టుపంచె రంగు, ఉత్తరీయం రంగు 2010 ప్రతిలో ఉన్నట్టే ఉంటే, గీసినవాడి ఎదురుగా టీవీ ఉందని అర్థం. 1963లో వచ్చిన ‘లవకుశ’ విషయంలో ఈ పరీక్ష పనిచేయదు, అది మొదటి నుంచీ రంగుల సినిమా.

విదేశీ స్కెచ్‌ల మీద మోజున్నవాళ్లకు ఒక మాట. ఎడిత్ హెడ్ 8 ఆస్కార్లు తెచ్చుకున్న దుస్తుల రూపకర్త. ఆమె పేరుతో తిరిగే బొమ్మల్లో చాలావాటిని ఆమె దగ్గర పనిచేసిన స్కెచ్ ఆర్టిస్టులు గీశారు. ఆలోచన ఆమెది, గీత వాళ్లది. అది మోసం కాదు, స్టూడియో పద్ధతే అంత. మీరు కొంటున్నది సంతకమా, గీతా అన్నది మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఇక దర్జీ కాగితం. రాజు వేషం ఒకటి అనుకోండి. సగం చించిన ఫుల్‌స్కేప్ కాగితమో, ట్రేసింగ్ పేపరో. పెన్సిల్‌తో నిలువు గీత, దాని మీద అంగరఖా ఆకారం, ముఖం ఉండదు లేదా ఒట్టి కోడిగుడ్డు ఆకారం. పక్కన ఛాతీ 42, నడుము 38, భుజం 18½, అన్నీ అంగుళాల్లో. మద్రాసులో కుట్టినది కాబట్టి ఒకటి రెండు మాటలు తమిళంలో ఉండొచ్చు. అది లోపం కాదు. నడుము దగ్గర 38 కొట్టేసి 39 అని ఉంటే మరీ మంచిది, ట్రయల్ జరిగిందని లెక్క. పై మూలన గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్క, అంగుళంన్నర ఉంటుంది, అంచు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి.

ఆ ముక్కే మీ సాక్షి. మెల్లగా ఎత్తి కింద కాగితం చూడండి. అరవై ఏళ్లు గాలీ వెలుతురూ తగిలిన చోటుకూ, గుడ్డ కప్పిన చోటుకూ ఛాయలో తేడా ఉండాలి, ముక్క ఆకారంలో నీడ పడినట్టు. సూది తుప్పు మరక గుడ్డ మీదా కాగితం మీదా ఒకే చోట పడాలి, రంధ్రాలు ఒకదానిమీదొకటి రావాలి. నకిలీ చేసేవాడు పాత కాగితం సంపాదించగలడు, పాత జరీ ముక్కా సంపాదించగలడు. ఆ రెండూ అరవై ఏళ్లు కలిసి కాపురం చేసిన గుర్తును మాత్రం తేలేడు. గుడ్డ రకం తేల్చుకోవడానికి వరంగల్ బట్టల బజార్‌లో పాత వ్యాపారికి చూపిస్తే చాలు, నూలో పట్టో కృత్రిమమో వేలితోనే చెబుతాడు. అప్పటికీ అనుమానముంటే అంచున వేలాడే పోగు 2, 3 మిల్లీమీటర్లు తుంచి, కాగితానికి దూరంగా కాల్చండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన కొడుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. 1950ల ముక్కలో ఉండ కట్టిందంటే గట్టిగా అనుమానించాలి.

దీనికీ చిక్కులున్నాయి. ట్రేసింగ్ పేపర్ ముసలిదయ్యాక అప్పడంలా విరుగుతుంది. మడత దగ్గర సెలోటేప్ వేసి ఉంటే దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి దిగి ఉంటుంది, ఇంట్లో పీకబోతే పై పొర లేచొస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, కాగితం మీద సినిమా పేరు ఉండకపోవడం. నటుడి పేరు, సీను నంబరు ఉంటేనే దాన్ని ఫలానా సినిమాకు జత చేయగలం. అవేవీ లేని కాగితాన్ని ఉత్త దర్జీ కాగితం ధరకే అడగాలి. ‘ఇది ఎన్టీఆర్ కొలతే’ అన్న నోటిమాటకు పైసా పెంచొద్దు.

మూడో రకం, అంటే తర్వాత గీసి సంతకం పెట్టింది, కళాకారుడి మీద అభిమానంతో కొనేవాళ్లకు బాగానే ఉంటుంది. ఎప్పుడు గీశారో వెనుక తేదీ రాయించుకున్నదైతే నిజాయితీ సరుకు. అచ్చు గోడకు మంచిది. పోతే ఇంకొకటి వేయించుకోవచ్చు, కాబట్టి హాల్లో నిశ్చింతగా పెట్టండి. అచ్చును అసలుగా అమ్మబోతే పట్టుకోవడం తేలిక. 10 రెట్ల భూతద్దంలో ప్రెస్ అచ్చుకు రంగు చుక్కలు వరసగా పూలలా కనబడతాయి, ఇంక్‌జెట్‌కు చిమ్మిన తుంపరలా. చేతి పెన్సిల్ గీతకు పక్కనుంచి టార్చి వేస్తే గ్రాఫైట్ మెరుపు, కాగితంలో చిన్న పల్లం.

ఏ రకమైనా వయసు చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటికి ఖర్చేమీ లేదు. ముందు స్కేలు పెట్టి కొలవండి. 1950ల మద్రాసులో నడిచింది ఫుల్‌స్కేప్, ఇంపీరియల్ కొలతలు. ఫుల్‌స్కేప్ సుమారు 8½ × 13½ అంగుళాలు, ఇంపీరియల్ డ్రాయింగ్ షీట్ 22 × 30, దాన్ని సగం చేస్తే 15 × 22. అంచులు కత్తిరించని కాగితం సరిగ్గా 210 × 297 మిల్లీమీటర్లు, అంటే ఏ4 ఉంటే ఆ కాలానిది కాదు. స్టూడియో ముద్ర ఉంటే చిరునామా చదవండి. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. అంతకుముందు ‘మద్రాసు-26’ అన్నట్టు ఒకటి రెండంకెలే. ‘తమిళనాడు’ పేరు 1969 నుంచి. నారమొన స్కెచ్ పెన్ను 1960ల మొదట్లో జపాన్‌లో పుట్టింది కాబట్టి 1957 బొమ్మ మీద ఆ గీత ఉండటానికి వీల్లేదు. పాటల పుస్తకాలు సేకరించేవాళ్లకూ ఇలాంటి గుర్తొకటి: ‘మాయాబజార్’ విడుదల 1957 మార్చి 27న, నయాపైసలు వచ్చింది ఏప్రిల్ 1న. పుస్తకం మీద ధర నయాపైసల్లో ఉంటే అది నకిలీ అని కాదు, విడుదల రోజు హాలు దగ్గర అమ్మింది కాదని.

365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చి ఒకటి కొనుక్కుంటే పనికొస్తుంది. చీకటి గదిలో వేసినప్పుడు పాత కాగితం మందంగా, పసుపు ఛాయలో ఉంటుంది. తెలుపు కోసం రసాయనం కలిపిన కాగితం నీలంగా భగ్గుమంటుంది. కాగితంలో అది కలపడం 1950ల నుంచే పుంజుకుంది. అందువల్ల 1940ల కాగితాన్ని తోసిపుచ్చడానికి ఇది బలమైన సాక్ష్యం, 1960ల కాగితానికి దాదాపు పనికిరాదు.

కొనేటప్పుడు చేతులు మారిన వరుస రాతలో అడగండి: ఎవరి ఇంటినుంచి, ఏ ఏడు, ఎవరి ద్వారా. వేలంలో కొంటే సుత్తి పడిన ధర, అంటే పాట ఖాయమైన ధర మీద సంస్థ రుసుము, జీఎస్టీ ఉంటాయి. విదేశం నుంచైతే కస్టమ్స్ అదనం. ఇవి కలిపాకే పై హద్దు నిర్ణయించుకోవాలి. కాగితం మీ సొంతమైనా కాపీరైటు కాదు. మన చట్టంలో కళాకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు అది నడుస్తుంది. జీతానికి గీసి ఉంటే హక్కు సాధారణంగా సంస్థది. కాబట్టి బొమ్మను క్యాలెండరుగా వేసి అమ్ముకోవడం కుదరదు.

పటం కట్టించడమా, పెట్టెలో పెట్టడమా అన్నది ఇంకో తగువు. రంగుల బొమ్మను పటం కట్టించకుండా ఉండలేరు, అందుకే ఆ మాట కూడా చెప్పాలి. మామూలు పటాల షాపులో అద్దం బొమ్మకు ఆనిస్తారు, వెనుక ప్లైవుడ్డు, దినపత్రిక వేసి ఫెవికాల్‌తో మూస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి పోస్టర్ కలర్ అద్దానికి అంటుకుంటుంది, వెనుక చెక్క ఆమ్లం గోధుమ మరకగా పైకి తేలుతుంది. షాపువాడికి చెప్పాల్సింది ఇదీ: యాసిడ్ లేని మౌంట్ బోర్డు కిటికీలా కత్తిరించి అద్దానికీ బొమ్మకూ నడుమ ఖాళీ ఉంచాలి. బొమ్మను పై అంచున రెండు చోట్ల మాత్రమే, జపాన్ టిష్యూ అనే పలుచని కాగితం, గోధుమ గంజితో తగిలించాలి. నాలుగు పక్కలా అతికిస్తే వానాకాలంలో ఉబ్బిన కాగితానికి సాగే చోటు లేక అలలు తేలుతుంది. లామినేషన్ మాట ఎత్తనివ్వకండి. యూవీ అడ్డుకునే అద్దం వేసినా ఎండ పడే గోడ వద్దు. 50 లక్స్ (వెలుతురు కొలత) చాలు. మూడు నెలలు గోడమీద, మిగతా ఏడాది చీకట్లో ఉంచితే రంగు నిలుస్తుంది.

దర్జీ కాగితానికి పెట్టే మేలు. పెన్సిల్ గీతలకు, ట్రేసింగుకు పాలిస్టర్ కవరు, 75 నుంచి 100 మైక్రాన్లు. పీవీసీ కవరైతే చెమర్చి అంటుకుంటుంది. బొగ్గు, పాస్టెల్, పొలుసు లేచిన పోస్టర్ కలర్ ఉన్నవాటిని మాత్రం పాలిస్టర్‌లో పెట్టకూడదు, అందులో పుట్టే స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది. అవి యాసిడ్ లేని కాగితపు మడతలో ఉండాలి. మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీల పొడి వేడి, జులై రాగానే ముక్కిపోయే తేమ. కాగితాన్ని తినేది ఒక్కో కాలం కాదు, ఆ ఊగిసలాట. పడమటి గోడకు ఆనిన ఇనుప బీరువా పొయ్యిలా కాగుతుంది, లోపలి గోడకు జరపండి. చిన్న హైగ్రోమీటర్ లోపల ఉంచి తేమ 45, 55 శాతం నడుమ పట్టండి. 65 దాటితే బూజు తప్పదు. సిలికా జెల్ రంగు మారగానే ఓవెన్లో ఎండబెట్టి మళ్లీ పెట్టాలి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో చూశాం, కాబట్టి కింది అర అసలు వాడొద్దు.

చెన్నై నుంచి తెచ్చుకుంటుంటే గొట్టంలో చుట్టించకండి. చేర్యాల పటం చుట్టలో ఉండటానికే పుట్టింది, చింతగింజల జిగురు పూసిన గుడ్డ వంగుతుంది. పోస్టర్ కలర్ వేసిన డ్రాయింగ్ షీట్ వంగితే రంగు పొలుసులై రాలుతుంది. రెండు గట్టి అట్టల నడుమ పరిచి, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు గోడవారగా పెట్టుకుంటే సరి.

ఇల్లు చేరాక మొదటి పని గుండుసూది. లాగేస్తే తుప్పు పట్టిన సూది గుడ్డను చీల్చుకుని వస్తుంది. ముందు రెండు వైపులా ఫొటో తీసి, సూదికీ కాగితానికీ నడుమ పలుచని పాలిస్టర్ ముక్క దూర్చి, తుప్పు పొడిని మెత్తని బ్రష్‌తో తీసి, అప్పుడు సూదిని వచ్చిన దారినే మెల్లగా వెనక్కి జార్చాలి. గుడ్డ ముక్కను పాత రంధ్రాల్లోంచే తెల్ల నూలు దారంతో రెండు కుట్లు వేసి అక్కడే నిలపండి. సూదిని పారేయకుండా చిన్న కవర్లో వేసి, తేదీ రాసి, ఆ కాగితంతోనే ఉంచండి.