ఫాంటసీ ప్రీమియర్ లీగ్: బెంచ్‌కు విలువ ఇచ్చిన ఆట

వరంగల్ వైపు ఆటల ముచ్చట మొదలైతే అది ముందుగా క్రికెట్ మీదికే పోతుంది. అయినా శని, ఆదివారాల్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను ఫోన్లలో చూసే యువకులు హనుమకొండ హాస్టళ్లలోనూ, కాజీపేట రైల్వే క్వార్టర్లలోనూ ఉన్నారు. వారిలో కొందరు ఫాంటసీ ప్రీమియర్ లీగ్ ఆడుతున్నారు; ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోని నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మ్యాచ్‌లలో వారి ఆటతీరును బట్టి పాయింట్లు పోగుచేసే ఆన్‌లైన్ ఆట ఇది. దాని గురించి తెలుగులో వివరంగా రాయవలసిన అవసరం ఉందని భావించి ఈ సమీక్ష రాస్తున్నాను. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఈ ఆటలో ప్రవేశ రుసుము గానీ పందెం గానీ లేవు కాబట్టి, పిల్లల ఫోన్లో ఇది కనిపించినంత మాత్రాన పెద్దలు కంగారు పడనవసరం లేదు.

ఆటలో ప్రతి ఒక్కరికీ 100 మిలియన్ పౌండ్ల బడ్జెట్ ఇస్తారు. ఆ సొమ్ముతో ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు కలిపి 15 మందిని ఎంచుకోవాలి. ఒకే క్లబ్ నుంచి ముగ్గురికి మించి తీసుకోకూడదు. ప్రతి గేమ్‌వీక్‌లో (అంటే లీగ్‌లోని ఒక్కో విడత మ్యాచ్‌లలో) 11 మంది బరిలో ఉంటారు, మిగిలిన నలుగురు బెంచ్ మీద ఉంటారు. కొత్తగా చేరినవారు తమ శ్రద్ధనంతా కెప్టెన్ మీద, పేరున్న ఫార్వర్డ్‌ల మీద పెట్టి, ఈ నలుగురిని మిగిలిన చిల్లరతో నింపేస్తారు. నా అభిప్రాయంలో ఈ ఆట రూపకల్పనలో అన్నిటికంటే ఆలోచించి చేసిన భాగం ఆ బెంచే.

బరిలో ఉంచిన ఆటగాడు ఆ గేమ్‌వీక్‌లో ఒక్క నిమిషం కూడా ఆడకపోతే, బెంచ్ మీద మనం పేర్చిన వరుస ప్రకారం మరొకరు ఆ స్థానంలోకి దానంతట అదే వస్తారు. అయితే జట్టులో కనీసం ముగ్గురు డిఫెండర్లు, ఒక ఫార్వర్డ్ ఉండి తీరాలన్న నియమం ఈ వరుస కంటే బలమైనది. ముగ్గురు డిఫెండర్లతోనే జట్టును దించినప్పుడు వారిలో ఒకరు గాయంతో ఆగిపోతే, బెంచ్ వరుసలో మొదట ఉన్న మిడ్‌ఫీల్డర్ గోల్ కొట్టి ఉన్నా అతనిని దాటి డిఫెండర్‌నే లోపలికి తీసుకుంటారు. బెంచ్‌లోని ఇద్దరు డిఫెండర్లూ ఆడనివారైతే ఆ స్థానం ఖాళీగానే ఉండిపోతుంది. కాబట్టి వెనుక ముగ్గురిని మాత్రమే ఆడించే అలవాటు ఉన్నవారు, బెంచ్ మీది డిఫెండర్లలో కనీసం ఒకరు తన క్లబ్‌కు ప్రతి వారం మొదటి నిమిషం నుంచి ఆడేవాడై ఉండేలా చూసుకోవడం తప్పనిసరి.

ఈ నియమాల్లో నాకు నచ్చనిది కూడా ఒకటి ఉంది. మనం నమ్ముకున్న ఆటగాడు 89వ నిమిషంలో మైదానంలోకి వచ్చి ఒకే ఒక్క పాయింట్ తెచ్చినా అతను ఆడినట్టే లెక్క, బెంచ్ మీద ఎదురుచూస్తున్నవాడికి దారి మూసుకుపోతుంది. ఇరవై నిమిషాల లోపు ఆడినవారిని మార్చుకునే వీలు కల్పిస్తే న్యాయంగా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది అసలు ప్రశ్న. అతి తక్కువ ధరలకు, అంటే గోల్‌కీపర్‌కు 4.0, డిఫెండర్‌కు 4.0, మిడ్‌ఫీల్డర్‌కు 4.5, ఫార్వర్డ్‌కు 4.5 మిలియన్లకు ఒక్కొక్కరిని కొంటే బెంచ్ మొత్తం 17 మిలియన్లలో ముగుస్తుంది. మరో మిలియన్ కలిపితే, చిన్న క్లబ్‌లోనైనా నిత్యం ఆడే ఆటగాళ్లు ఇద్దరు దొరికే అవకాశం ఉంటుంది, ఆ మిలియన్ వృథా కాదు. పెద్ద క్లబ్‌లో వంతు కోసం ఎదురుచూసే పేరున్న ఆటగాడి కంటే, పట్టిక అడుగున ఉన్న క్లబ్‌లో 90 నిమిషాలూ ఆడే డిఫెండరే బెంచ్‌కు తగినవాడు. 2025-26 సీజన్ నుంచి ఈ మాటకు మరింత బలం వచ్చింది. ఒకే మ్యాచ్‌లో టాకిళ్లు, అడ్డగింతలు, క్లియరెన్సులు, బ్లాకులు కలిపి 10 చేసిన డిఫెండర్‌కు 2 పాయింట్లు ఇస్తున్నారు. ఆ సీజన్‌లో పై శ్రేణికి వచ్చిన లీడ్స్, బర్న్‌లీ, సండర్‌లాండ్ వంటి క్లబ్‌ల మీద ప్రత్యర్థుల దాడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి, వాటి సెంటర్ బ్యాక్‌లకు, అంటే రక్షణ వరుస మధ్యలో ఆడేవారికి, ఈ పని చేతినిండా దొరుకుతుంది.

చవక ఆటగాడిని తొందరపడి అమ్మకూడదని చెప్పడానికి మరో కారణం ధరల లెక్క. కొన్న తరువాత ధర పెరిగితే, అమ్మేటప్పుడు ఆ పెరుగుదలలో సగమే మనకు వస్తుంది. 4.0కు కొన్నవాడు 4.4కు చేరితే చేతికి వచ్చేది 4.2 మాత్రమే; మళ్లీ కావాలంటే 4.4 పెట్టాలి. 2019-20 సీజన్‌లో షెఫీల్డ్ యునైటెడ్ ఆటగాడు జాన్ లండ్‌స్ట్రమ్‌ను ఆట నిర్వాహకులు 4.0 ధరతో డిఫెండర్‌గా చేర్చారు, కానీ మైదానంలో అతను మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. ఆ నవంబరులో బర్న్‌లీపై 3-0తో గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు, డిఫెండర్ లెక్కన ఒక్కో గోల్‌కు 6 పాయింట్లు, జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వని క్లీన్ షీట్‌కు 4. అతనిని మొదట బెంచ్ కోసం కొని, ఓపికగా ఉంచుకున్నవారికి దక్కిన లాభం అది.

గోల్‌కీపర్ విషయం తేలికైనది. రెండో గోల్‌కీపర్ కోసం 4.0 మించి ఖర్చు పెట్టవద్దు, మార్పు కోసం ట్రాన్స్‌ఫర్ (ఒకరిని అమ్మి మరొకరిని కొనడం) అసలే వాడవద్దు. వారానికి ఒకటే ఉచిత ట్రాన్స్‌ఫర్ వస్తుంది, దాచుకుంటే ఐదు వరకు పోగవుతాయి, అదనంగా వాడిన ప్రతి దానికి 4 పాయింట్లు కోత పడుతుంది. బెంచ్ ఆటగాడిని మార్చడానికి ఆ 4 పాయింట్లు ఇవ్వడం ఎప్పుడూ గిట్టుబాటు కాదు.

మన ప్రాంతంలో ఉండి ఆడేవారికి సమయం మరో చిక్కు. మొదటి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందే జట్టును ఖరారు చేయాలి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 12:30కు మ్యాచ్ ఉంటే వేసవి గడియారం ప్రకారం మనకు మధ్యాహ్నం 3:30కే గడువు ముగుస్తుంది. అక్టోబరు చివర వారి గడియారం మారాక అదే 4:30 అవుతుంది. మైదానంలోకి దిగే తుది జట్లు ఏవో ఆ తరువాతే తెలుస్తాయి. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు కుటుంబంతో బయలుదేరినవారు ఆ జనసముద్రంలో ఫోన్ పట్టుకుని జట్టును సరిచేసుకోలేరు. అటువంటి వారాల్లో ముందే శ్రద్ధగా పేర్చిన బెంచ్ మన తరఫున పని చేస్తుంది, ఈ ఆటను నేను నిస్సంకోచంగా సిఫారసు చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

బెంచ్‌లోని నలుగురి పాయింట్లనూ ఒక వారం పాటు కలిపి ఇచ్చే బెంచ్ బూస్ట్ అనే అవకాశం 2025-26 నుంచి సీజన్‌లో రెండుసార్లు లభిస్తోంది. మొదటిదాన్ని 19వ గేమ్‌వీక్ గడువు లోపు వాడకపోతే అది పోతుంది. నలుగురూ సొంత మైదానంలో, బలహీన ప్రత్యర్థులతో ఆడే వారాన్ని ముందుగానే గుర్తించి, అప్పటివరకు ఆ నలుగురిలో ఎవరినీ కదపకుండా ఉండండి.