నాష్‌విల్ కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్: ఈ పాటలకి కొత్తవాళ్లు ముందు వెళ్లాల్సిన చోటు

అమెరికా పల్లె పాటల నుంచి పుట్టిన కంట్రీ మ్యూజిక్ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను అని ఎవరైనా అడిగితే నేను పాటల లిస్టు ఇవ్వడం మానేశాను. అమెరికాలో ఉన్నవాళ్లయితే ఒకసారి టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ వెళ్లి అక్కడి కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అండ్ మ్యూజియం చూసి రమ్మంటున్నాను, పాటల సంగతి ఆ తర్వాత. ఎందుకంటే మ్యూజిక్ యాప్‌లో బిగినర్స్ కోసమని ఇచ్చే ప్లేలిస్టుల్లో 1950ల నాటి పాట పక్కనే నిరుడు వచ్చిన పాట ఉంటుంది, దాని తర్వాత ఇంకెక్కడిదో బాంజో అనే తీగ వాయిద్యం, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఏమిటో చెప్పే దిక్కుండదు. పైగా బ్లూగ్రాస్, హాంకీటాంక్, అవుట్‌లా, బేకర్స్‌ఫీల్డ్ అంటూ శాఖల పేర్లు, పరీక్షకి బట్టీ పట్టాల్సినవాటిలా కనిపిస్తాయి. ఈ మ్యూజియం ఆ భయం పోగొడుతుంది. ఒక్కో శాఖ ఎందుకు పుట్టిందో, అంతకు ముందున్నదాని మీద ఎందుకు అలిగి బయటికి వచ్చిందో వరసగా కళ్లముందు పెడుతుంది. కారణం తెలిశాక పేరు గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు.

ముందు ఒక మాట. లోపలికి వెళ్లగానే కింద తిరగకండి, నేరుగా మూడో అంతస్తుకి వెళ్లండి. అసలు కథ అక్కడ మొదలై రెండో అంతస్తుకి దిగుతుంది. మధ్యలో దూరితే మళ్లీ ఆ ప్లేలిస్టు గందరగోళమే.

పైన మొదటి భాగాన్ని తొందరగా దాటేయకండి. 1920లలో రికార్డు కంపెనీలు, రేడియో స్టేషన్లు రెండూ పల్లె పాటల కోసం వెతకడం మొదలుపెట్టాయి. నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్ఎం స్టేషన్ 1925లో మొదలుపెట్టిన వారాంతపు కార్యక్రమమే తర్వాత గ్రాండ్ ఓల్ ఓప్రీ అయింది, అది ఇప్పటికీ నడుస్తోంది. 1927లో రాల్ఫ్ పీర్ అనే ఆయన టెనెసీ, వర్జీనియా సరిహద్దు మీద ఉన్న బ్రిస్టల్ ఊళ్లో రికార్డింగ్ యంత్రం పెట్టి చుట్టుపక్కల పాడేవాళ్లని పిలిచాడు. ఒకే వారంలో కార్టర్ ఫ్యామిలీ అనే కుటుంబ బృందం, జిమ్మీ రాడ్జర్స్ అనే గాయకుడు దొరికారు. కార్టర్లు ఇల్లు, చర్చి, అమ్మానాన్నలు, చావు, దేవుడు గురించి పాడారు. రాడ్జర్స్ రైల్వేలో పనిచేసి జబ్బు వల్ల మానేసినవాడు, ఆయన పాటల్లో రైళ్లు, తిరుగుడు, నల్లజాతివాళ్ల బాధల పాటలైన బ్లూస్, మధ్యలో గొంతు విరిచి పాడే యోడెల్. 1933లో 35 ఏళ్లకే టీబీతో పోయాడు. తర్వాత వచ్చిన ఏ కంట్రీ గాయకుడిని తీసుకున్నా ఇంటివైపు ఎంత ఉన్నాడు, రోడ్డువైపు ఎంత ఉన్నాడు అని చూడొచ్చు. నాకైతే ఈ ఒక్క విషయంతో సగం సంగీతం అర్థమైంది.

ఆ కార్టర్ ఫ్యామిలీలోని మేబెల్ కార్టర్ వాయించిన 1928 నాటి గిబ్సన్ ఎల్-5 గిటార్ ఈ మ్యూజియం దగ్గరే ఉంది. అప్పటిదాకా గిటార్ ఎక్కువగా వెనక తాళం పట్టడానికే. ఆవిడ బొటనవేలితో కింది స్థాయి తీగల మీద పాట వరస వాయిస్తూ, మిగతా వేళ్లతో పై తీగల మీద లయ నడిపింది. ఒక్క మనిషి ఇద్దరి పని చేసింది. ఆ గిటార్ ముందు నిలబడి ఫోన్‌లో ఆవిడ వాయించిన పాట ఒకటి పెట్టుకుని వినండి, ఇయర్‌ఫోన్స్ తప్పకుండా తీసుకెళ్లండి. ఈ మ్యూజియంలో నేను చెప్పదగ్గ కిటుకు అదే, ప్రతి వాయిద్యం దగ్గరా ఆగి దాని శబ్దం వినడం.

ఇక్కడే ఇంకో సంగతి తెలుసుకుని ముందుకు వెళ్లాలి. కంట్రీ అంటే తెల్లవాళ్ల సంగీతం అని చాలామంది అనుకుంటారు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చిన వాయిద్యం. కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏ.పి. కార్టర్ ఊరూరా పాటలు సేకరిస్తుంటే వెంట తిరిగి వరసలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. ఓప్రీ తొలి రోజుల్లో జనం చెవులప్పగించి విన్న హార్మోనికా డిఫోర్డ్ బెయిలీది, ఆయనా నల్లజాతివాడే. ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఈ మ్యూజియం గౌరవ సభ్యుల జాబితాలో, చేర్చుకున్నది 2005లో, ఆయన చనిపోయి ఇరవై ఏళ్లు దాటాక. రికార్డు కంపెనీలు అమ్మకాల కోసం తెల్లవాళ్లకో కేటలాగు, నల్లవాళ్లకో కేటలాగు వేశాయి, సంగీతంలో లేని గోడ అలా మార్కెట్‌లో లేచింది. ఇది తెలియకుండా కంట్రీ గురించి ఎంత చదివినా పునాది తెలియనట్టే.

బ్లూగ్రాస్ వందల ఏళ్ల పాత పల్లె సంగీతం అనుకునేవాళ్లు దాని వయసు చూసి ఆశ్చర్యపోతారు. కెంటకీకి చెందిన బిల్ మన్రో తన బ్యాండుకి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నాడు, 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్లతో బాంజో వాయిస్తూ అందులో చేరాక ఆ శబ్దానికి ఒక రూపం వచ్చింది. కరెంటు వాయిద్యాలు లేవు, డ్రమ్స్ లేవు, అందరూ మైక్ దగ్గరికి వచ్చి తమ వంతు వాయించి వెనక్కి తగ్గుతారు, వేగం మాత్రం మామూలుగా ఉండదు. మన్రో మాండలిన్, 1923లో తయారైన గిబ్సన్ ఎఫ్-5, ఇక్కడి సేకరణలో ఉంది. 1985లో ఎవరో ఆయన ఇంట్లో దూరి దాన్ని ముక్కలు ముక్కలు చేస్తే గిబ్సన్ కంపెనీ ఓపిగ్గా అతికించి ఇచ్చింది. ఆ సంగతి తెలిసి దాన్ని చూస్తే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

హాంకీటాంక్ అంటే చౌక బార్, అందులో పుట్టిన పాటలకీ అదే పేరు, దీని కథ బ్లూగ్రాస్‌కి పూర్తిగా వేరు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక బార్లు పెరిగాయి, ముఖ్యంగా టెక్సస్ చమురు బావుల దగ్గర. తాగినవాళ్ల అరుపులు, సీసాల చప్పుడు, డాన్సు. అందులో మామూలు గిటార్ ఎవరికి వినపడుతుంది? అందుకని కరెంటు గిటార్ వచ్చింది, బీట్ గట్టిపడింది, పాటల్లోకి తాగుడు, మోసం, విడాకులు వచ్చాయి, ఎందుకంటే వినేవాళ్ల బతుకు అదే. ఎర్నెస్ట్ టబ్, లెఫ్టీ ఫ్రిజెల్, అందరికన్నా మిన్నగా హ్యాంక్ విలియమ్స్. ఆయన 1953 జనవరి 1న 29 ఏళ్లకి కారు వెనక సీట్లో కచేరీకి వెళ్తూ చనిపోయాడు. ఆయన పాటల్లో మాటలు ఎంత తేలికో, ఎంత లోతుకి వెళ్తాయో! కొత్తగా వినేవాళ్లు ఒక్క గాయకుడితోనే మొదలుపెట్టాలంటే నేను ఈయన పేరే చెబుతాను. ఈ మగవాళ్ల పాటలకి సమాధానంగా 1952లో కిటీ వెల్స్ ఆడవాళ్ల వైపు నుంచి పాడి కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది, సోలోగా ఆ స్థానం అందుకున్న మొదటి మహిళ ఆవిడే. లొరెట్టా లిన్, డాలీ పార్టన్ ఆ దారిలోనే వచ్చారు.

వెస్టర్న్ స్వింగ్ ఇంకొంచెం ముందుది, బాబ్ విల్స్ ఫిడేలుతో పాటు జాజ్ బాకాలు, డ్రమ్స్ పెట్టి ఓక్లహోమా, టెక్సస్ డాన్స్ హాళ్లు ఊపేశాడు. ఓప్రీ వేదిక మీద మాత్రం డ్రమ్స్‌కి చాలా కాలం చోటు లేదు.

కంట్రీ అనగానే చెవిలో మెదిలే ఆ ఏడుపులాంటి జారుడు శబ్దం పెడల్ స్టీల్‌ది. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబెట్టిన గిటార్, కుడిచేత్తో మీటుతూ ఎడమచేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతారు, కాళ్లతో పెడల్స్, మోకాళ్లతో లీవర్లు తోస్తే ఒక్కో తీగ స్థాయి విడిగా మారుతుంది. 1954 ప్రాంతంలో గాయకుడు వెబ్ పియర్స్ హిట్ పాట ఒకదానిలో బడ్ ఐజక్స్ ఈ పెడల్ జారుడు వాయించిన తర్వాత స్టీల్ వాయించేవాళ్లంతా తమ గిటార్లకి పెడల్స్ పెట్టించుకోవడానికి పరిగెత్తారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది తొందరగా పట్టుబడుతుంది, స్వరం నుంచి స్వరానికి ఆ జారుడు మన గమకానికి చుట్టంలాగే ఉంటుంది. అదే వెబ్ పియర్స్ కారు కూడా ఇక్కడే ఉంది, తలుపు పిడులకి తుపాకులు, లోపలంతా వెండి డాలర్లు పొదిగిన 1962 పాంటియాక్. ఎల్విస్ ప్రెస్లీ బంగారు కాడిలాక్ కారు కూడా. పిల్లలు వాటి దగ్గర నుంచి కదలరు. నేను మాత్రం స్టీల్ గిటార్ల దగ్గరే ఎక్కువసేపు గడపమంటాను.

తర్వాత రాక్ అండ్ రోల్ వచ్చి యువత అంతా అటు వెళ్లిపోయింది. నాష్‌విల్ నిర్మాతలు చెట్ ఆట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ పల్లె బాణీ ఫిడేలు, స్టీల్ గిటార్ తగ్గించి, వెనక వయొలిన్ల బృందం, కోరస్ పెట్టి పట్నం వాళ్లకి నచ్చేలా నున్నగా చేశారు. అదే నాష్‌విల్ సౌండ్. ప్యాట్సీ క్లైన్, జిమ్ రీవ్స్ ఈ కోవకి చెందినవాళ్లే. ఇది పలచన అని కొందరు కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను, ప్యాట్సీ గొంతుకి ఆ విశాలమైన నేపథ్యం కావాలి. ఈ భాగం అర్థం కావాలంటే టికెట్‌తో పాటు ఆర్సీఏ స్టూడియో బి టూర్ తీసుకోండి, మ్యూజియం నుంచే బస్సులో తీసుకెళ్తారు. 1957లో కట్టిన చిన్న స్టూడియో, ఎల్విస్ ఒక్కడే ఇక్కడ 200 పైగా పాటలు రికార్డు చేశాడు. నేలమీద ఎక్కడ నిలబడితే గొంతు బాగా పలుకుతుందో గుర్తు పెట్టి ఉంటుంది. ఆ కాలం వాద్యకారులు నొటేషన్ కాగితాలు పక్కనపెట్టి కార్డ్‌లని (కలిపి మీటే స్వరాల గుంపులని) అంకెలతో రాసుకునేవాళ్లు, గాయకుడు శ్రుతి మార్చినా అంకెలు మారవు, అందుకే మూడు గంటల సెషన్‌లో మూడు నాలుగు పాటలు పూర్తయ్యేవి. మొత్తం ట్రిప్‌లో డబ్బుకి పూర్తి విలువ ఇచ్చేది ఈ టూరే.

ఈ నునుపు మీద రెండు తిరుగుబాట్లు. మొదటిది కాలిఫోర్నియా బేకర్స్‌ఫీల్డ్ నుంచి. 1930లలో కరువుకి ఓక్లహోమా వదిలి పత్తి చేలలో, చమురు బావుల్లో పనికి వచ్చినవాళ్ల ఊరది. బక్ ఓవెన్స్, మెర్ల్ హ్యాగర్డ్ టెలికాస్టర్ అనే కరెంటు గిటార్ గరుకు శబ్దంతో, గట్టి డ్రమ్స్‌తో వయొలిన్లకి జవాబు చెప్పారు. హ్యాగర్డ్ సాన్ క్వెంటిన్ జైల్లో ఖైదీగా ఉండగా అక్కడికి వచ్చి పాడిన జానీ క్యాష్‌ని విన్నాడు, జైలు పాటలు ఊహించి రాయాల్సిన అవసరం ఆయనకి రాలేదు. రెండోది 1970ల అవుట్‌లా కంట్రీ. పేరు చూసి తుపాకులు అనుకోకండి, అసలు గొడవ ఒప్పందాల మీద: ఎవరు వాయించాలి, ఏ స్టూడియో, ఏ పాట అన్నది కంపెనీ నిర్ణయించాలా, పాడేవాడా? వేలన్ జెన్నింగ్స్ పోరాడి ఆ హక్కు తెచ్చుకున్నాడు, విల్లీ నెల్సన్ నాష్‌విల్ వదిలి టెక్సస్‌లోని ఆస్టిన్ వెళ్లిపోయాడు. వీళ్లిద్దరి పాటలతో మరో ఇద్దరివీ కలిపి 1976లో వేసిన ఆల్బమ్ పది లక్షల అమ్మకాలకి ఇచ్చే ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి కంట్రీ ఆల్బమ్ అయింది.

1980ల తర్వాత కథ వేగంగా నడుస్తుంది, నేనూ అలాగే చూశాను. జార్జ్ స్ట్రెయిట్, రాండీ ట్రావిస్ పాత ఫిడేలు, స్టీల్ వెనక్కి తెచ్చారు, అది నియో ట్రెడిషనల్. గార్త్ బ్రూక్స్ స్టేడియంలు నింపాడు. పంక్ రాక్ వింటూ పెరిగిన అంకుల్ టుపెలోలాంటి బ్యాండ్లు ఆ రాక్ కలిసిన ఆల్ట్ కంట్రీకి దారి వేశాయి. 2010ల్లో ట్రక్కు, బీరు, అమ్మాయి చుట్టూ తిరిగే పాటలకి బ్రో కంట్రీ అని పేరొచ్చింది, అవి నాకు ఎక్కవు, కానీ రేడియోలో ముందు అవే విని మొత్తం కంట్రీ ఇంతే అనుకుని వదిలేసినవాళ్లు ఎంతమందో. వాళ్ల కోసమే ఇంత రాస్తున్నాను.

ఆఖర్లో గుండ్రటి గది, రొటండా. చుట్టూ గోడల మీద సభ్యుల ఫలకాలు సంగీత రేఖల మీద స్వరాల్లా అమర్చి ఉంటాయి. అక్కడే చిత్రకారుడు థామస్ హార్ట్ బెంటన్ వేసిన పెద్ద చిత్రం ఉంది: ఫిడేళ్లు, చర్చి పాట, కౌబాయ్, బాంజో పట్టుకున్న నల్లజాతి మనిషి, వెనక రైలు. 1975లో దాని మీద సంతకం పెట్టకుండానే ఆయన పోయాడు. పైన చూసి వచ్చిన మూలాలన్నీ అందులో ఉన్నాయి, అందుకే దీన్ని ముందు చూడకండి.

సగం రోజైనా కేటాయించండి, స్టూడియో బి కూడా అంటే రోజంతా. ప్రదర్శనలు మారుతుంటాయి కాబట్టి ఏదైనా ప్రత్యేకంగా చూడాలనుకుంటే ముందే కనుక్కోండి. ఆ ప్రాంగణంలోనే 1879 నాటి హ్యాచ్ షో ప్రింట్ ఉంది, చెక్క అచ్చులతో కచేరీ పోస్టర్లు ఇప్పటికీ వేస్తారు, ఒక పోస్టర్ కొనుక్కోవచ్చు. సాయంత్రం నాష్‌విల్ బ్రాడ్‌వే వీధి బార్లకి వెళ్తే ఎంచుకుని వెళ్లండి. మేం ముందు దూరిన చోట రాక్ పాటలే హోరెత్తించారు, కంట్రీ ఒక్కటీ పడలేదు, పక్క వీధిలో ఫిడేలు వినపడిన చోటికి మారాక గానీ కుదుటపడలేదు. నడవగలిగే దూరంలోనే రైమన్ ఆడిటోరియం ఉంది, 1943 నుంచి 1974 వరకు ఓప్రీ అక్కడే జరిగింది, బల్లల మీద కూర్చుని ఏదో ఒక కచేరీ వినగలిగితే ఇంకా మంచిది.

బ్లూగ్రాస్ ఒక్కటే కావాలనుకునేవాళ్లకి కెంటకీలోని ఓవెన్స్‌బరోలో దానికంటూ విడిగా ఒక మ్యూజియం ఉంది. కార్టర్లు, రాడ్జర్స్ దగ్గరే ఆగిపోయినవాళ్లు బ్రిస్టల్ వెళ్లండి, 1927 రికార్డింగుల మీదే అక్కడో మ్యూజియం 2014లో తెరిచారు. మిగతా అందరికీ నాష్‌విల్లే, అదీ మూడో అంతస్తు నుంచి.