చేతితో చేసిన ఎలక్ట్రిక్ గిటారు: మిర్యాలగూడలో ఆరు ఎండాకాలాల తరువాత

ఈ గిటారు నా చేతికి 2019 ఆగస్టులో వచ్చింది. రోజూ ఇంట్లో గంటసేపు సాధన, ఆదివారం చర్చిలో ఆరాధన, డిసెంబరులో రెండు వారాల పాటు రాత్రిపూట క్యారల్స్, ఇదీ దాని పని. కొన్న నెలకే సమీక్ష రాసి ఉంటే పొగడ్త తప్ప మరేమీ ఉండేది కాదు. మరుసటి ఏడాది మే నెలలో రాసి ఉంటే ఎవరూ ఇలాంటి గిటారు కొనవద్దని రాసి ఉండేవాడిని. ఆరు ఎండాకాలాలు దాటాక ఇప్పుడు రాయగలనన్న నమ్మకం కుదిరింది, ఎందుకంటే దీని మంచీ చెడూ రెండూ కలప దగ్గరే మొదలవుతాయి, మన ప్రాంతంలో కలప సంగతి తేలేది ఎండాకాలంలోనే.

తయారుచేసిన ఆయన బెంగళూరు శివారులో ఒక రేకుల షెడ్డులో ఒంటరిగా పనిచేస్తారు. ఏడాదికి పది పన్నెండు గిటార్లకు మించి చేయరు. చేతిలో ఉన్న పనికే సమయం చాలడం లేదు కనుక తన పేరు ఎక్కడా రాయవద్దని కోరారు, ఆ మాట మన్నిస్తున్నాను. ధర 78,000 రూపాయలు, అందులో సగం ముందుగా ఇచ్చాను. ఎనిమిది నెలల్లో ఇస్తానన్న గిటారుకు పదమూడు నెలలు పట్టింది. ఆలస్యం కన్నా, నడుమ ఏడు వారాల పాటు ఫోనుకు బదులు లేకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. డబ్బు పోయిందనే అనుకున్నాను. తరువాత ఆయన ఆ ఏడు వారాల సంగతి చెప్పారు, అది ఆయన ఇంటి విషయం, దాన్ని ఇక్కడ రాయను. కానీ ఒక్క మనిషి మీద ఆధారపడిన పనిలో ఆ మనిషికి జ్వరం వస్తే మన గిటారుకూ జ్వరం వచ్చినట్టేనని కొనేవారు ముందే తెలుసుకోవాలి.

నమూనా టెలికాస్టర్‌ది. 1950ల మొదట్లో ఫెండర్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన ఆ గిటారులో నెక్‌ను, అంటే తీగలు సాగే పొడవాటి మెడను, బాడీకి జిగురుతో అతికించరు, నాలుగు స్క్రూలతో బిగిస్తారు. ఈ చిన్న విషయం నా గిటారును తరువాత ఒకసారి కాపాడింది, మళ్లీ కాపాడబోతోంది. బాడీకి కలప నేనే ఇచ్చాను. హాలియా దగ్గర మా ఊళ్లో తాత కట్టించిన ఇల్లు కూల్చినప్పుడు పెద్ద దర్వాజ నిలువు చెక్కలు రెండు దాచి ఉంచాను. అవి టేకువి, అరవై ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచినవి. ఆయన వాటిని కోసి, మేకుల రంధ్రాలున్న భాగం తీసేసి, నాలుగు పట్టీలుగా అతికించారు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక జిగురు పట్టదు, అతికించే ముందు ప్రతి అంచునూ అసిటోన్‌తో తుడవాలి. అందులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కనుక రంపపు పళ్లు త్వరగా మొద్దుబారతాయి. మూడు బ్లేడ్లు పోయాయని చెప్పారే గానీ వాటికి డబ్బు అడగలేదు. పూర్తయిన గిటారు 3.9 కిలోలు తూగింది. రెండు గంటలు నిలబడి వాయిస్తే ఎడమ భుజానికి ఆ బరువు తెలుస్తుంది, మెడ నొప్పి ఉన్నవారికి టేకు బాడీ వద్దనే చెబుతాను.

నెక్ మాత్రం మా దర్వాజతో చేయనని ఆయన ఖచ్చితంగా చెప్పారు. పది నంబరు తీగల సెట్టు బిగిస్తే ఆరు తీగలు కలిసి నెక్‌ను సుమారు 46 కిలోల బలంతో లాగుతాయి, ఆ లాగుడుకు నిలవాలంటే పోగు నేరుగా ఉన్న చెక్క కావాలి. అందుకే నెక్‌కు బయటి నుంచి తెప్పించిన మేపుల్ వాడి, దాని మీద ఫింగర్ బోర్డుకు, అంటే వేళ్లు ఆనే పైచెక్కకు, మన జిట్రేగి చెక్క వేశారు. నెక్‌కు నిగనిగలాడే పాలిష్ లేదు, చేత్తో రుద్దిన నూనె మాత్రమే ఉంది. అరచేతికి అది తాకే తీరు నేను ఇంతకుముందు వాడిన ఏ గిటారుకూ లేదు. చెమట పట్టిన చేయి కూడా జారుతుంది గానీ అతుక్కోదు. మొదటి రోజు ఈ గుణానికే పడిపోయాను. తరువాతి కష్టానికి మూలం కూడా ఈ గుణమేనని అప్పుడు తెలియదు.

ధ్వని గురించి మాటల్లో చెప్పడం కష్టం, ప్రయత్నిస్తాను. తీగను మీటిన మరుక్షణం వచ్చే టక్కుమనే అంచు ఇందులో చాలా స్పష్టంగా ఉంటుంది, ఆ తరువాత స్వరం సన్నబడకుండా నిలుస్తుంది. చర్చిలో కీబోర్డు, తబలా, నలభై గొంతులు కలిసి మోగుతున్నప్పుడు కూడా నా తీగ నాకు వినబడుతుంది. ఇది టేకు వల్లనా, తీగ కదలికను అందుకునే, చేతితో చుట్టిన పికప్‌ల వల్లనా, తీగలు ఆనే బ్రిడ్జి వల్లనా అని విడదీసి చెప్పే శక్తి నాకు లేదు. పాత కలప వల్లే ఇంత మంచి ధ్వని అని చెప్పుకోవాలని నాకు ఎంత ఆశ ఉన్నా, ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికను విద్యుత్తుగా మార్చేది అయస్కాంతమూ రాగి తీగచుట్టే కనుక ఆ మాట అనను.

ఇక లోపాలు. మూడో వారంలోనే మొదటి తీగను పద్నాలుగో మెట్టు దగ్గర పైకి లాగితే స్వరం మధ్యలో ఆగిపోవడం గమనించాను. నెక్ మీద అడ్డంగా ఉండే ఈ లోహపు పట్టీని గిటారు వాయించేవారంతా ఫ్రెట్ అంటారు. వీణ, కిన్నెర ఎరిగిన నేల మనది కనుక నేను మెట్టు అనే అంటాను. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ పన్నెండు మెట్ల కిన్నెరతోనే. వీణ మెట్లను మైనంలో నిలుపుతారు, అవి జరిగితే మళ్లీ మేళం కట్టవచ్చు. గిటారు మెట్టును చెక్కలో కోసిన సన్నని గాడిలోకి దిగగొడతారు, అది వెంట్రుక మందం పైకి లేచినా పక్క మెట్టు స్వరం మీద పడుతుంది. బస్సులో కుదుపులకు లేచి ఉంటుందని ఆయన మొదట అన్నారు. స్కేలు ఆనించి వీడియో తీసి పంపితే, గాడిలో మెట్టు పూర్తిగా కూర్చోలేదని, తప్పు తనదేనని ఒప్పుకున్నారు. నాలుగు స్క్రూలు విప్పి నెక్ ఒక్కటే కొరియర్‌లో పంపాను, తొమ్మిది రోజుల్లో సరిచేసి పంపారు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో పాతిక వేల రూపాయల ఫ్యాక్టరీ గిటారే మెరుగు. కంప్యూటర్ నడిపే యంత్రం ఇరవై రెండు గాడులనూ ఒకే లోతున కోస్తుంది, మనిషి చేయి ఇరవై ఒకటి కోస్తుంది.

అసలు పరీక్ష 2020 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకరోజు నెక్ మీద చేయి కిందికి జరుపుతుంటే బొటనవేలి పక్కన చర్మం గీరుకుపోయింది. చూస్తే మెట్ల చివరలు చెక్క అంచు దాటి బయటికి పొడుచుకువచ్చాయి. కారణం సులభమైనదే. గాలిలో తేమ 80 శాతం ఉన్నప్పుడు చెక్కలో సుమారు 16 శాతం నీరు నిలుస్తుంది, తేమ 30 శాతానికి పడిపోతే అది 6 శాతం దగ్గరికి వస్తుంది. నీరు పోయిన చెక్క పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం కుదించుకుంటుంది. లోహపు మెట్టు కుదించుకోదు. కనుక ఫింగర్ బోర్డు వెడల్పు తగ్గుతుంది, మెట్టు అలాగే ఉండి బయటికి వస్తుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ రోహిణి ఇంకా రాకముందే ఈ పరిస్థితి.

లాక్‌డౌన్ వల్ల కొరియర్లు లేవు, దుకాణాలు లేవు. ఆయన వీడియో కాల్‌లో దారి చెప్పారు: చెక్క మీద మాస్కింగ్ టేపు అతికించాలి, సన్నని ఆకురాయిని నలభై ఐదు డిగ్రీలు వంచి మెట్టు కొసను మాత్రమే రాయాలి, ఎప్పుడూ ఒకే దిశలో. అంత సన్నని ఆకురాయి నా దగ్గర లేదు. మా వీధి చివర ఉండే అవుసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన మెట్టును గోటితో తాకి చూసి, “ఇది జర్మన్ సిల్వర్ బిడ్డా, వెండి గాదు. గట్టిగుంటది. నువ్వు ఒత్తకు, ఆకురాయి తింటది, నువ్వు పట్టుకొని ఉండు” అన్నారు. ఆయన చెప్పింది నిజమే. గిటారు మెట్లకు వాడే నికెల్ సిల్వర్ రాగి, జింకు, నికెల్‌ల మిశ్రమం, అందులో వెండి ఉండదు. ఇరవై రెండు మెట్లు, రెండు వైపులా కలిపి నలభై నాలుగు కొసలు. మొదటి రెండు ఆయనే రాసి చూపించారు, మిగిలినవి వాళ్ల అరుగు మీద కూర్చుని రెండు పూటల్లో నేను పూర్తి చేశాను. ఐదో మెట్టు దగ్గర టేపు చిరిగి చెక్క మీద పడిన గీత ఇప్పటికీ ఉంది.

ఆ పని తరువాత కూడా ఆ వేసవంతా నెక్ నిలకడగా లేదు. పొద్దున్నే శ్రుతి చేసి పెడితే సాయంత్రానికి తీగలు మెట్లకు తగిలి బరబరమనేవి. దీనికి కారణం కనుక్కోవడానికి ఏడాది పట్టింది. నాలుగు వందల రూపాయల తేమ మీటరు ఒకటి కొని గిటారు పక్కన పెట్టాను. ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో తేమ 22 శాతం చూపింది. రాత్రి కూలర్ వేసిన రెండు గంటలకే అదే గదిలో 65 దాటింది. అంటే మన వట్టివేళ్ల కూలర్ గిటారుకు ప్రతి రాత్రీ వానాకాలం తెస్తోంది, ప్రతి పగలూ ఎండాకాలం తెస్తోంది. మందమైన పాలిష్ ఉన్న నెక్ అయితే ఈ మార్పు లోపలికి నెమ్మదిగా వెళ్లేది. నూనె మాత్రమే పట్టించిన నెక్‌కు ఆ అడ్డు లేదు, అరచేతికి అంత హాయిగా ఉండే ఆ చెక్కే తేమను అంత త్వరగా పీల్చి వదులుతోంది. బెంగళూరులో ఉండే ఆయనకు కూలర్ సంగతి తట్టలేదు, కూలర్ గదిలోనే పెరిగిన నాకూ తట్టలేదు.

అప్పటి నుంచి గిటారు కూలర్ గదిలో ఉండదు. ఫిబ్రవరి చివరి నుంచి గట్టి పెట్టెలోనే ఉంటుంది. రంధ్రాలు చేసిన ఒక సబ్బు పెట్టెలో తడిపి పిండిన స్పాంజి పెట్టి దాని పక్కన ఉంచుతాను, రెండు రోజులకొకసారి తడుపుతాను. వానాకాలంలో స్పాంజి తీసి సిలికా జెల్ పొట్లాలు వేస్తాను. పెట్టె లోపల తేమ 45 నుంచి 55 మధ్య ఉంటే చాలు. నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీని ఏడాదికి రెండుసార్లు సర్దుతాను, శివరాత్రి వెళ్లాక ఒకసారి, మృగశిర కార్తె దాటి వానలు నిలదొక్కుకున్నాక ఇంకొకసారి. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ నొక్కి పట్టి, ఏడో మెట్టుకూ తీగకూ మధ్య సందు చూస్తాను. విజిటింగ్ కార్డు ఒరుసుకుంటూ దూరితే సరిపోయినట్టు. నా గిటారు ఎండకు వెనక్కి వంగుతుంది, వానకు ముందుకు వంగుతుంది. ప్రతిసారీ పావు చుట్టు కన్నా తక్కువే తిప్పి, ఒక రాత్రి ఆగి మళ్లీ చూస్తాను. 2022 తరువాత మెట్ల కొసలు మళ్లీ బయటికి రాలేదు.

పికప్‌ల విషయంలో తప్పు నాది. హంబకర్ వేయించుకొమ్మని ఆయన ముందే చెప్పారు. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించిన పద్ధతి అది. రెండు తీగచుట్టలను వ్యతిరేక దిశల్లో కలిపి, అయస్కాంతాలను కూడా తిరగేస్తే తీగ ధ్వని రెట్టింపవుతుంది, బయటి నుంచి వచ్చే కరెంటు హోరు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఆ మెరుపు ధ్వని కోసం ఒంటి చుట్ట పికప్‌లే కావాలని నేను పట్టుబట్టాను. మా చర్చిలో పాత చోకులున్న ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, గోడ అవతల ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. ప్రార్థన సమయంలో అందరూ మౌనంగా ఉంటే నా స్పీకరు ఒక్కటే హుమ్మని మోగేది. పాస్టరుగారు ఏమీ అనలేదు గానీ నేనే తల ఎత్తలేకపోయాను. 2021లో బ్రిడ్జి వైపు పికప్‌ను మార్పించాను. అదే రంధ్రంలో పట్టేలా ఒక చుట్ట కింద ఇంకో చుట్ట అమర్చి ఇచ్చారు, 5,500 రూపాయలు తీసుకున్నారు. హోరు పోయింది, మెరుపు కొంత తగ్గింది. నెక్ వైపు పికప్ పాతదే ఉంచాను, ఇంట్లో రాత్రిపూట అది మోగే తీరు వదులుకోలేను.

ఇలాంటి గిటారు ఎవరు కొనాలని అడిగితే, నా జవాబు ధర మీద ఆధారపడదు. ట్రస్ రాడ్ తాళం తిప్పడానికి భయపడేవారు, వచ్చే నెలలోనే కార్యక్రమం ఉన్నవారు, అమ్మితే పెట్టిన డబ్బు రావాలనుకునేవారు ఫ్యాక్టరీ గిటారే తీసుకోవాలి. పేరు లేని గిటారుకు సెకండ్ హ్యాండ్‌లో సగం ధర కూడా రాదు. చేయించుకునేవారు మాత్రం తమ ఊరి ఎండ, తమ గది కూలర్, తమ కరెంటు సంగతి ముందే తయారీదారుకు చెప్పాలి. నేను చెక్క రంగు గురించి గంటసేపు మాట్లాడాను గానీ వీటిలో ఒక్కటీ చెప్పలేదు.

ఇప్పుడు మొదటి మూడు మెట్ల మీద రెండో తీగ, మూడో తీగ కింద గుంతలు పడ్డాయి, గోటితో తడిమితే తెలుస్తాయి. వాటిని మార్చాలి. ఫోను చేస్తే ఆయన కొలతల పుస్తకం తీసి, నా నెక్‌కు 2019లో ఏ మెట్టు తీగ వాడారో, గాడి ఎంత లోతు కోశారో చదివి వినిపించారు. ఈ క్రిస్మస్ క్యారల్స్ అయిపోయాక, జనవరిలో, ఆ నాలుగు స్క్రూలు విప్పి నెక్ పంపుతాను. స్టెయిన్‌లెస్ స్టీల్ మెట్లు వేస్తే మరి అరగవని అన్నారు, ఆకురాయికి లొంగవని కూడా చెప్పారు. జర్మన్ సిల్వరే వేయమన్నాను.