ట్రూయిస్ట్ పార్క్: టెన్నిస్ ఆడేవాళ్లు ఎక్కడ కూర్చోవాలంటే

ముందే చెప్పేస్తాను. అట్లాంటా బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ ఆట చూడ్డానికి వాళ్ల స్టేడియం ట్రూయిస్ట్ పార్క్‌కి వెళ్తుంటే, హోమ్ ప్లేట్‌కి, అంటే బ్యాటర్ నిలబడే చోటుకి, సరిగ్గా వెనకవైపు, పై అంతస్తులో, 400తో మొదలయ్యే సెక్షన్లలో టికెట్లు తీసుకోండి. ఇంచుమించు అదే డబ్బుకి, కొన్ని రోజుల్లో ఇంకా ఎక్కువకి, కింద అవుట్‌ఫీల్డ్ సీట్లు, అంటే బ్యాటర్‌కి ఎదురుగా మైదానం అవతలి చివర ఉండేవి, కనిపిస్తాయి. మైదానానికి దగ్గర కదా అని మొదటిసారి వెళ్లేవాళ్లందరూ అటే మొగ్గుతారు. మీరు మొగ్గకండి. వారాంతాల్లో రాకెట్ పట్టే మనిషైతే అసలు మొగ్గకండి.

మాది తెనాలి. కాపురం అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో. ఆల్టా మిక్స్‌డ్ డబుల్స్ జట్టుకి కెప్టెన్‌ని. ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు: ఆల్టా అంటే 1934లో మొదలైన అట్లాంటా లాన్ టెన్నిస్ అసోసియేషన్. ఈ చుట్టుపక్కల ఏ సబ్‌డివిజన్ చూసినా ఈతకొలను పక్కనే టెన్నిస్ కోర్టులు ఉంటాయి, ఆ కోర్టులన్నిటినీ కలిపి ఆడించేది ఈ లీగే. ఒక మ్యాచ్‌కి ఐదు లైన్లు, అంటే ఐదు జంటల ఆటలు, అన్నీ డబుల్సే. అంపైర్ ఉండడు. ఎవరి కోర్టులో ఆడితే వాళ్లే వచ్చినవాళ్లకి తిండి పెడతారు. మా కోర్టుకి వచ్చే జట్లకి మిరపకాయ బజ్జీలు అలవాటయ్యాయి, మాకు వాళ్ల పిమెంటో చీజ్ శాండ్‌విచ్‌లు అలవాటయ్యాయి. డివిజన్ గెలిస్తే బ్యాగుకి తగిలించుకునే చిన్న ట్యాగ్ ఇస్తారు. ఆఫీసులో ఎన్ని అవార్డులు వచ్చినా పట్టించుకోని మనిషి కూడా ఆ ట్యాగ్ కోసం ఆదివారం పొద్దున్నే లేచి సర్వీసు ప్రాక్టీసుకి వస్తాడు. నాకు ఈ లీగ్ మీద ఉన్న ప్రేమ అలాంటిదే.

వేసవి సీజన్ అయ్యాక జట్టంతా కుటుంబాలతో కలిసి బ్రేవ్స్ ఆటకి వెళ్తాం. టికెట్లు కొనే పని కెప్టెన్‌దే. అందుకే ఈ సీట్ల సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

టెన్నిస్‌ని టీవీలో ఎప్పుడూ బేస్‌లైన్ వెనకనుంచే చూపిస్తారు. పక్కనుంచి చూస్తే బంతి అటూ ఇటూ పోవడమే కనిపిస్తుంది. వెనకనుంచి చూస్తేనే స్లైస్ సర్వీసు బయటికి ఎలా జారిందో, కిక్ సర్వీసు నేలని తాకి ఎటు లేచిందో తెలుస్తుంది. బేస్‌బాల్‌కీ ఇదే లెక్క. అవుట్‌ఫీల్డ్‌లో కూర్చుంటే పిచ్చర్ చెయ్యి విసరడం, క్యాచర్ గ్లవ్‌లో బంతి పడటం కనిపిస్తాయి, మధ్యలో జరిగింది పోతుంది. ఆటంతా ఆ మధ్యలోనే ఉంది. పిచ్చర్ దిమ్మకీ హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మన టెన్నిస్ కోర్టు ఈ బేస్‌లైన్ నుంచి ఆ బేస్‌లైన్‌కి 78 అడుగులు. అంటే నాకు సర్వీసు చేసే ఆవిడకన్నా దగ్గర నుంచి అతను 95 మైళ్ల వేగంతో విసురుతున్నాడు. బ్యాటర్ చేతిలో ఉన్న సమయం సెకనులో సగం కూడా కాదు. ఈ సంగతి అర్థమయ్యాకే, పదిసార్లకి మూడుసార్లు హిట్ కొట్టేవాణ్ణి వీళ్లు ఎందుకంత గొప్పగా చూస్తారో నాకు తెలిసింది.

ఒక బంతి గురించి చెబుతాను. ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాం. ఆవిడ దూరదర్శన్ రోజులనుంచీ క్రికెట్ వదలకుండా చూసిన మనిషి. ఎడమచేతి బ్యాటర్ ఉన్నాడు, రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే అవుట్. పిచ్చర్ చెయ్యి అంతకుముందు బంతికి తిరిగినంత వేగంగానే తిరిగింది. బ్యాటర్ ముందుకాలు నేలమీద పెట్టాడు, నడుము తిరిగింది, ఆ మోకాలు వంగిపోయింది, బ్యాట్ గాలిలోంచి వెళ్లిపోయింది. బంతి ఇంకా రాలేదు. బ్యాట్ అవతలికి పోయాక తీరిగ్గా కిందికి దిగి గ్లవ్‌లో పడింది. పెద్ద బోర్డు మీద చేంజప్ అని, దాని వేగం ఎంతో పడింది.

"అమ్మాయ్, వీడు ముందే ఊపేశాడేం?" అన్నారు అత్తయ్యగారు.

"బంతి నెమ్మదిగా వచ్చిందండీ. చెయ్యి మాత్రం తేడా తెలియనివ్వలేదు."

"స్లో బాల్ అన్నమాట. బాగా దాచాడు."

ఆ తర్వాత ఆవిడకి ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు. ఫౌల్ మాత్రం ఆవిడకి నచ్చలేదు. వెనక్కి అంత దూరం కొడితే పరుగులు ఇవ్వకపోవడం అన్యాయమని ఇప్పటికీ అంటారు.

పైనుంచి చూస్తే ఇంకో లాభం ఉంది. డబుల్స్ ఆడేవాళ్ల కళ్లు బంతి కన్నా మనుషుల మీదే ఎక్కువ ఉంటాయి. ఎవరు ఎటు జరిగారు, ఏ మూల ఖాళీ అయింది అని. 400 సెక్షన్ల నుంచి మైదానం మొత్తం ఒక్క చూపులో అందుతుంది. బ్యాటర్ మారగానే అవుట్‌ఫీల్డర్లు ముగ్గురూ నాలుగడుగులు జరగడం కనిపిస్తుంది. 2023 నుంచి బేస్‌ల దగ్గర కాపలా ఉండే నలుగురు ఇన్‌ఫీల్డర్లు రెండో బేస్‌కి అటిద్దరు ఇటిద్దరు ఉండి తీరాలని నియమం పెట్టారు. అయినా ఆ గీత దాటకుండా ఎంత దగ్గరికి జరగొచ్చో అంతా జరుగుతారు. మొదటి బేస్ మీద బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకునా జూనియర్ ఉంటే ఇక పిచ్చర్‌ని చూడకండి, అతన్నే చూడండి. ఒక్కో అడుగూ బేస్ నుంచి జరుగుతుంటాడు. పిచ్చర్ తిరిగి అతని వైపు విసిరి బెదిరించొచ్చు, కానీ అదే 2023 నుంచి అలాంటివి రెండు వాడేశాక మూడోసారి అవుట్ చెయ్యలేకపోతే రన్నర్‌కి ఊరికే ఒక బేస్ ఇచ్చెయ్యాలి. రెండు అయిపోయిన క్షణాన అకునా అడుగు ఇంకాస్త పెద్దదవుతుంది. ఆ సంవత్సరం అతను 41 హోమ్ రన్లు కొట్టి 73 బేస్‌లు దొంగిలించాడు, అంటే బ్యాటర్ కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి చేరాడు. ఒకే సీజన్‌లో 40 హోమ్ రన్లు, 70 స్టీల్స్ చేసినవాడు అంతకుముందు ఎవరూ లేరు.

మా లైన్ వన్ జంట ఐ ఫార్మేషన్ ఆడతారు. నెట్ దగ్గర కోర్టు మధ్యలో వంగి కూర్చున్న తమ్ముడు, ఎటు దూకబోతున్నాడో వీపు వెనక వేళ్లతో చూపిస్తాడు. వెనక సర్వీసు చేసే అమ్మాయి దాన్నిబట్టి బంతి పెడుతుంది. క్యాచర్ కూడా తరతరాలుగా కాళ్ల మధ్య వేళ్లతో ఇదే చేసేవాడు. 2022లో పిచ్‌కామ్ వచ్చింది. ఇప్పుడు క్యాచర్ కట్టుకున్న చిన్న మీటల పెట్టె నొక్కితే పిచ్చర్ టోపీలో వినిపిస్తుంది. దొంగచూపులు తగ్గాయి, ఆట వేగం పెరిగింది, మంచిదే. కానీ ఆ వేళ్లు పోయినందుకు నాకు బాధగానే ఉంది.

వేగం అన్నాను కాబట్టి చెబుతున్నాను. "మూడు నాలుగు గంటలు ఎవరు కూర్చుంటారు" అనే మాట పాతది. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో విసరాలి, ఉంటే ఇప్పుడు 18. టెన్నిస్‌లో పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య మనకి 25 సెకన్లు ఇస్తారు, వాళ్లకి అంత కూడా లేదు. మామూలు ఆట రెండు గంటల నలభై నిమిషాల చుట్టుపక్కల ముగుస్తుంది. పిల్లలు నిద్రకి ఏడవకముందే బయటపడొచ్చు.

ఈ సీట్లకి ఒక లోపం ఉంది. బంతి లోపలికి వచ్చిందా బయటికి పోయిందా అన్నది అక్కణ్ణుంచి చక్కగా తెలుస్తుంది, ఎత్తు మాత్రం తెలియదు. మోకాలి దగ్గర పడిన బంతి స్ట్రైకా కాదా అని పైనుంచి వాదించి లాభం లేదు. ఆల్టాలో మన వైపు బంతి గీత లోపల పడిందా బయట పడిందా అన్నది మనమే చెబుతాం, అనుమానం ఉంటే పాయింట్ ఎదుటివాళ్లదే. ఆ మర్యాద నాకు ఆటలోకెల్లా ఇష్టం. బేస్‌బాల్‌లో ఆ భారమంతా ప్లేట్ అంపైర్ ఒక్కడి మీదే ఉండేది. 2026 నుంచి మేజర్ లీగ్, అంటే ఈ జట్లన్నీ ఆడే పెద్ద లీగ్, బ్యాటర్‌కీ పిచ్చర్‌కీ క్యాచర్‌కీ అంపైర్ మాటని సవాలు చేసే హక్కు ఇచ్చింది. తల మీద తట్టుకుంటే చాలు, కెమెరాలు తేల్చేస్తాయి. జట్టుకి రెండు సవాళ్లు, గెలిచినంతకాలం అవి తగ్గవు. 2025 జులై 15న ఇదే పార్కులో, లీగ్‌లోని మేటి ఆటగాళ్లంతా కలిసి ఆడిన ఆల్ స్టార్ ఆటలో దీన్ని వాడి చూశారు. ఆ ఆట 6–6తో సమమైతే హోమ్ రన్ల పోటీతో తేల్చారు. కైల్ ష్వార్బర్ మూడు ఊపులకి మూడూ బయటికి కొట్టాడు.

తిండి విషయంలో మనవాళ్లకి శుభవార్త. గాలన్ సైజు పారదర్శకమైన జిప్ సంచీలో పట్టేంత తిండి, టికెట్‌కి ఒకటి చొప్పున లోపలికి తీసుకెళ్లొచ్చు. సీల్ తియ్యని నీళ్ల సీసా కూడా. పులిహోర చక్కగా సరిపోతుంది. పెరుగన్నం వద్దు, ఎండకి పులిసిపోతుంది. వెళ్లేముందు నియమాలు ఒకసారి చూసుకోండి, మారుతుంటాయి. లోపల శాకాహారులకి ఫ్రైస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్ వంటివి ఉంటాయి, ధరలు స్టేడియం ధరలే. పై వరుసల్లో పెద్ద పందిరి నీడ పడుతుంది, జులై జార్జియా ఎండలో పెద్దవాళ్లకి అది ప్రాణం.

ఆట మొదలవడానికి గంట ముందు వెళ్లి, హోమ్ ప్లేట్ వెనక కింది అంతస్తులో ఉన్న మాన్యుమెంట్ గార్డెన్ చూడండి. ఒకప్పటి బ్రేవ్స్ మేటి ఆటగాడు హ్యాంక్ ఆరన్ విగ్రహం వెనక 755 బ్యాట్లు పేర్చి 755 అంకె కట్టారు, ఆయన జీవితంలో కొట్టిన హోమ్ రన్లకి ఒక్కో బ్యాట్. 1974 ఏప్రిల్ 8న ఈ ఊళ్లోనే 715వది కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. నల్లవాడు ఆ రికార్డు దాటడమేమిటని చంపుతామంటూ ఉత్తరాలు వస్తుంటే, వాటి మధ్యే ఆడాడు. పిల్లలకి ఈ సంగతి అక్కడ నిలబెట్టి చెప్పాను. మా పెద్దవాడు బ్యాట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆగి, "ఉత్తరాలు రాసినవాళ్లు తర్వాత సారీ చెప్పారా అమ్మా" అన్నాడు.

ఇక్కడ ఒకటి నచ్చదు. ప్రత్యర్థి ఇరుకున పడ్డప్పుడల్లా స్టేడియం అంతా చెయ్యి గొడ్డలిలా ఊపుతూ పాడే చాప్. అమెరికన్ ఆదివాసీ సంఘాలు అది మమ్మల్ని కించపరుస్తుందని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. ఎవరి పేరు మీద ఊపుతున్నామో వాళ్లే వద్దంటున్నప్పుడు ఊపకూడదు. మా జట్టు ఊపదు. చప్పట్లు గట్టిగా కొడతాం.

చేరడం గురించి. 2017లో పార్కుని ఊరి మధ్యనుంచి కాబ్ కౌంటీకి తెచ్చారు, అక్కడికి మార్టా (అట్లాంటా మెట్రో) రైలు లేదు. మన వైపునుంచి 400 హైవే మీద కిందికి వచ్చి 285 హైవే పడమరకి ఎక్కాలి, శుక్రవారం సాయంత్రమైతే రెట్టింపు సమయం పెట్టుకోండి. పార్కింగ్ టికెట్‌తోపాటే ముందుగా కొనండి. చౌకగా ఉందని 285కి అవతల కొంటే వంతెన మీదుగా నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే ఇవతల దగ్గర్లో ఉన్నదే తీసుకోండి. చిన్నపిల్లలుంటే ఆదివారం మధ్యాహ్నం ఆట మేలు, అయ్యాక వాళ్లని బేస్‌ల చుట్టూ పరిగెత్తనిస్తారు. టికెట్ల ధర ఎదుటి జట్టునిబట్టి మారుతుంది. డాడ్జర్స్, యాంకీస్, మెట్స్ వచ్చినప్పుడు పెరుగుతుంది, మయామీ వచ్చిన మంగళవారం బాగా తగ్గుతుంది. చేంజప్ ఎవరు విసిరినా చేంజప్పే కాబట్టి, మా జట్టుకి నేను మంగళవారమే కొంటాను.